మోహనలో ఇమడని సముద్రం

"ఆంటీ, ఆ ఎర్ర గీత ఏం చేస్తోంది?"

పాఠం మధ్యలో ఒక అమ్మాయి గొంతు అడిగింది. కరోనా రెండో లాక్‌డౌన్ రోజులవి. కాలేజీకి తాళం వేసి, అందరం ఇళ్ళలోంచే చదువులు వెలగబెడుతున్నాం. విద్యార్థులంతా కెమెరాలు ఆపేసుకుంటారు. నేను నల్లటి డబ్బాల వరసకి పాఠం చెప్పుకుంటూ పోతాను. 'చూడండి' అని నేను అప్పుడే అన్న ఆ ఎర్ర గీత ఆటుపోట్ల గ్రాఫు. సముద్రం గంటగంటకీ ఎంత పొంగిందో, ఎంత తీసిందో చూపించే గీత.

"తెర మీదే ఉంది కదమ్మా, చూడు" అన్నాను, విసుగ్గానే.

"నాకు చూపు లేదు ఆంటీ. నా కంప్యూటర్ మీ స్లయిడ్లు చదివి వినిపిస్తుంది. ఇందాకట్నుంచీ 'బొమ్మ, బొమ్మ, బొమ్మ' అంటోంది. అందుకని అడిగాను."

ఆ పిల్ల ఇదంతా ఐరిష్ యాసతో ఇంగ్లీషులో అంది. ఆమె సంగతి ఆఫీసులో అందరికీ తెలుసట. పాఠం చెప్పే నాకు చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు. ఇక ఆ 'ఆంటీ' సంగతి. ఐర్లండ్‌లో విద్యార్థులు లెక్చరర్లని పేరు పెట్టి పిలుస్తారు. తెలుగింట్లో పెరిగిన పిల్లకి తల్లి ఈడు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు. ఆ రోజు నుంచి క్లాసులో ఐరిష్ పిల్లలు కూడా నన్ను 'ఆంటీ' అనడం మొదలుపెట్టారు. అది నా బిరుదు అనుకున్నారో ఏమో, నేనూ దిద్దలేదు.

నాది కాకినాడ. సముద్ర జీవశాస్త్రం చదివాను. అప్పట్లో ఐర్లండ్‌లో ఒక కాలేజీలో పార్ట్ టైమ్ లెక్చరర్ని. ఇల్లు మెయ్‌నూత్‌లో. ఇంటికి అయిదు కిలోమీటర్లు దాటి వెళ్ళకూడదన్న రోజుల్లో నాకు దక్కిన జలరాశి ఊళ్ళోని కాలువ, అందులో నాలుగు హంసలు. ఆ అమ్మాయి వాళ్ళది 'కార్లో' అనే ఊరు. అక్కడ ఓ నది ఉంది, అంతే. సముద్రం గురించి చెప్పేదానికీ వినేదానికీ కూడా సముద్రం అందకుండా పోయింది. మామూలు ఏడాదైతే పిల్లల్ని రాళ్ళతీరానికి తీసుకెళ్ళి మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబెట్టేవాళ్ళం. చూపు లేకపోయినా నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో కాళ్ళకి తెలిసేది. ఈసారి దానికి బదులు గ్రాఫులు వచ్చిపడ్డాయి.

మా కోర్సు నడిపే పెద్దాయనకి ఫోన్ చేశాను. రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి, మెత్తని మాట. "అయ్యో, దానికేముంది, ఆ అమ్మాయికి ఈ భాగం మినహాయిద్దాం. మార్కుల అవసరం లేకుండా పాస్ చేసేద్దాం. పాపం, ఆమెని ఎందుకు ఇబ్బంది పెట్టడం?" అన్నారు.

ఎంత మర్యాదగా అన్నారో, నాకు అంత ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆ మినహాయింపు వెనకాల ఏముందో ఇద్దరికీ తెలుసు. ఈ భాగంలో మార్కులు లేనివాళ్ళకి పై ఏడాది సముద్రశాస్త్రంలో సీటివ్వరు. ఏదో ఒక మామూలు డిగ్రీలోకి సర్దేస్తారు. అంటే ఆ పిల్లని గుమ్మం దాకా రానిచ్చి, చెప్పులు చేతికిచ్చి, "నువ్వు బాగా నడిచావమ్మా" అని పంపించెయ్యడమే. ఆ మాట ఆయనతో అన్నాను. ఆయన నొచ్చుకుని, "ఇంతకంటే దయగా ఏం చెయ్యగలం?" అని అడిగారు.

ఆ అమ్మాయినే అడిగాను. "మినహాయింపు కావాలా?"

"నేను సముద్రం చదవడానికి చేరాను. వదిలేయించుకోవడానికి చేరలేదు" అంది. అంతే. ఏడుపు లేదు, బతిమాలడం లేదు. ఆ పొగరు నాకు తెగ నచ్చింది.

సరే, గ్రాఫుని మాటల్లో చెబుదామని ఆ సాయంత్రం ఫోన్లో మొదలుపెట్టాను. "ఇప్పుడు పైకి వెళుతోంది, ఇంకా పైకి, ఇంకా... ఇప్పుడు కాసేపు నిలబడింది, ఇక దిగుతోంది..." ఇలా చెబుతుంటే నాకు తెలియకుండానే నా గొంతు నీళ్ళతోపాటు లేచి పడుతోందట. ఆ పిల్ల నన్ను ఆపేసింది.

"ఆంటీ, ఆ మాటలు తీసేయండి. గొంతుతో ఇప్పుడేదో చేశారు కదా, అది మాత్రం చేయండి."

చిన్నప్పుడు మా అమ్మ నన్ను చెవి పట్టుకుని సంగీతానికి పంపింది. ఏళ్ళ తరబడి సరళీ స్వరాలు, జంట స్వరాలు, గీతాలు, వర్ణాలు పాడీ పాడీ, పెళ్ళిచూపుల్లో కూడా పాడకుండా తప్పించుకున్న దాన్ని. ఆ విద్య సముద్రం పాఠానికి పనికొస్తుందని అమ్మకీ తెలియదు, నాకూ తెలియదు. లెక్క చాలా తేలిక. నీరు బాగా తీసినప్పుడు మంద్రంగా, నిండుగా పొంగినప్పుడు తారస్థాయిలో. గంటకో స్వరం. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దది కాబట్టి పాట కింది షడ్జం నుంచి పై షడ్జం దాకా పోతుంది. అష్టమి రోజుల్లో సముద్రం అంత ఎగరదు, అంత దిగదు. అప్పుడు పాట కూడా నడిమి నాలుగు స్వరాల మధ్యే తచ్చాడుతుంది.

ఇంట్లో రికార్డింగుకి చోటెక్కడ? వేడినీళ్ళ ట్యాంకు పెట్టే అల్మారాని ఇక్కడ హాట్ ప్రెస్ అంటారు. తువ్వాళ్ళూ దుప్పట్లూ అందులోనే సర్దుతారు కాబట్టి గొంతు ప్రతిధ్వనించదు. తలుపు కొంచెం తెరిచి, తువ్వాళ్ళ మధ్య తల దూర్చి, ఫోన్లో శ్రుతి పెట్టుకుని, డబ్లిన్ తీరంలో ఒక పక్షం రోజుల ఆటుపోట్లు పాడాను. మోహన రాగంలో పాడాను. ఎందుకు మోహన అంటే, వినడానికి బాగుంటుందని. ఆ వెధవ కాలంలో చెవికి ఇంపుగా ఏదైనా ఉంటే పిల్లలు నిలబడి వింటారని.

దాన్ని ఆ అమ్మాయి ఒక్కదానికే పంపలేదు, క్లాసంతటికీ పంపాను. ఇది చూపు లేనివాళ్ళకి పెట్టే ప్రత్యేక ప్రసాదం అంటే నేను ఒప్పుకోను. మిగతావాళ్ళకి మాత్రం నా స్లయిడ్లు వెలిగిపోతున్నాయా ఏం? పల్లెల్లో సగం మందికి ఇంటర్నెట్ సరిగ్గా రాదు, గ్రాఫు తెరుచుకునేలోగా పాఠం అయిపోతుంది. డెయిరీ ఫాం ఇంటి పిల్ల ఒకతి పాలు పితికే షెడ్డులో చెవిలో పెట్టుకుని విన్నానని రాసింది. పెద్ద పోటుకీ చిన్న పోటుకీ తేడా అప్పుడు అర్థమైందట. ఇంకొకడు ఒక్క మాటే రాశాడు, "గ్రాండ్" అని. ఐర్లండ్‌లో అది బాగుందని అర్థం, ఫరవాలేదనీ అర్థం, ఇక వదిలేయమనీ అర్థం. నేను బాగుందనే తీసుకున్నాను.

పదిరోజులు గాల్లో తేలాను. తర్వాత అసైన్‌మెంటు వచ్చింది.

నీటిమట్టం ఏ గంటలో ఎంత వేగంగా మారుతుందో రాయమన్నది ప్రశ్న. నిజానికి నీరు అడుగు నుంచి నెమ్మదిగా మొదలై, సగం ఎత్తుకి వచ్చేసరికి బాగా జోరందుకుని, నిండేటప్పుడు మళ్ళీ నెమ్మదిస్తుంది. ఎక్కడా తెగదు, దూకదు. గ్రాఫు కూడా చూసిన మిగతావాళ్ళు అలాగే రాశారు. ఆ అమ్మాయి మాత్రం ఇలా రాసింది: సముద్రం నడిమధ్యకి రాగానే ఒక్క దూకు దూకుతుంది, పైకి చేరబోయేముందు ఇంకోసారి దూకుతుంది, ఈ రెండు చోట్లా మధ్యలో నీరన్నదే ఉండదు.

పేపర్లు దిద్దే పెద్దాయన దానికి సున్నా వేశారు. నాకు ఫోన్ చేసి, "మీ పాట చాలా అందంగా ఉంది. నేను కూడా విన్నాను. కానీ అది సముద్రం కాదు. చూశారా, ఇలాంటి అవమానం జరక్కూడదనే నేను మినహాయింపు అన్నాను" అన్నారు.

ఫోన్ పెట్టేసి నా పాట నేనే విన్నాను. స రి గ... ప ద... స. చెంప ఛెళ్ళుమన్నట్టయింది. మోహనలో మధ్యమం ఉండదు, నిషాదం ఉండదు. రాగం చెడకూడదని, ఆ ఎత్తులో ఉన్న నీటినంతా అటు గాంధారంలోకో ఇటు పంచమంలోకో నెట్టేశాను. నీరు అన్నిటికంటే జోరుగా పరిగెత్తే ఎత్తు సరిగ్గా ఆ మధ్యమం దగ్గరే. దాన్ని కోసి అవతల పారేశాను. ఐరిష్ లెక్చరరెవరూ ఈ తప్పు చెయ్యరు. చిన్నప్పుడు రాగంలో లేని అన్యస్వరం పడితే తొడ మీద దెబ్బ తిన్న మనిషే చేస్తుంది. నా సంగీతం మాస్టారు బతికుంటే శభాష్ అనేవారేమో. సముద్రం అనదు.

పెద్దాయన మీద కోపం రావాలి, కానీ ఆయన చెప్పింది నిజం. నిజం చెప్పి, తప్పుడు ముగింపుకి వచ్చారు. పాటలో తప్పుంటే పాటని దిద్దుకోవాలి గానీ పిల్లని ఇంటికి పంపడమేమిటి? గ్రాఫులో గీత తప్పుగా గీసినప్పుడు క్లాసులో కళ్ళున్న వాళ్ళందరికీ మినహాయింపు ఇస్తున్నామా?

ఆ అమ్మాయికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను, తప్పు నాదేనన్నాను. ఏడుస్తుందనుకున్నాను.

"అంటే ఆంటీ, మీ పాటలో సముద్రం దూకింది కదా?"

"దూకింది."

"మరి నేను రాసింది కరెక్టే. నేను విన్నదే రాశాను. నా మార్కులు నాకు ఇప్పించండి."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ మార్కులు నేను ఇప్పించలేకపోయాను. కానీ ఇక వెనక్కి తగ్గేది లేదని ఆ నిమిషంలోనే గట్టిగా అనుకున్నాను.

ఆ రాత్రి డ్యూటీ దిగాక వాళ్ళమ్మ ఫోన్ చేసింది. ఆవిడ వృద్ధాశ్రమంలో నర్సు. గుంటూరు వైపు మనిషి. గొంతులో నిద్ర లేదు.

"మేడం గారండీ, ఆ సారు ఏదో రాసిస్తానంటన్నారంట కదా. తీసేసుకుందామండీ. మా పెద్దోళ్ళు రోజుకొకళ్ళు పోతన్నారు ఇక్కడ. ఇంటికొస్తే పిల్ల ఆ కీబోర్డు ముందు కూర్చుని ఒక్కటే నొక్కుళ్ళు. ఇది కూడా ఓడిపోతే నేను చూళ్ళేనండీ. పాసైతే చాలు, ఏదో ఒకటి."

"అక్కా, పాసవడం కాదది. మర్యాదగా బయటికి పంపడం."

"మర్యాదగా పంపేవోళ్ళు కూడా ఎంతమంది ఉన్నారండీ?"

ఆవిడ మాటల్లో ఇంకో ముక్క నా చెవిలో పడింది. కీబోర్డు! వాళ్ళ తెలుగు చర్చిలో పాటలకి ఆ పిల్లే కీబోర్డు వాయిస్తుంది. ఆదివారాలు ఆన్‌లైన్‌లో అయ్యాక కూడా ఇంట్లోంచి వాయిస్తోంది. దానికి రాగాల భయం లేదు, అన్యస్వరం అన్న మాటే తెలియదు. నల్ల మెట్లయినా తెల్ల మెట్లయినా దాని వేళ్ళకి ఒకటే.

మర్నాటి నుంచి రాగాన్ని అవతల పెట్టాం. ఒక్క మెట్టు కూడా వదలకుండా అన్నిటినీ వరసగా వాడుకున్నాం. ఒక్కో మెట్టు ఇన్ని సెంటీమీటర్ల నీరు అని లెక్క కట్టుకున్నాం. గంటకో స్వరం చాలదని పావుగంటకొకటి చేశాం. నేను అంకెలు చదవడం, తను వాయించడం. తర్వాత నేనూ ఒక చిన్న కీబోర్డు తెప్పించుకుని వాయించిన రికార్డింగు పంపడం, తను అంకెలు చెప్పడం. వినడానికి ఏమీ బాగుండేది కాదు. పక్కింటావిడ ఒకసారి గోడ మీంచి పలకరించి పియానో ట్యూనింగ్ చేయిస్తున్నారా అని అడిగింది. సముద్రం వినిపిస్తున్నానన్నాను. ఆవిడ "లవ్లీ" అని లోపలికి వెళ్ళిపోయింది.

నాకు మాత్రం ఆ వికారపు పాటే అందంగా వినపడసాగింది. మధ్యమం దగ్గరికి రాగానే స్వరాలు ఎంత దూరం దూరంగా పడతాయో, పైకి వెళ్ళాక ఒకదాన్నొకటి ఎలా తోసుకుంటాయో, పాటగా పాడినన్నాళ్ళూ నేను విననే లేదు.

చివరి పరీక్ష ముందు పెద్దాయన దగ్గర పట్టుబట్టాను. నోటి పరీక్ష పెట్టమన్నాను. ఆయన మూడు మెలికలు పెట్టారు. డేటా తనే ఎంచుకుంటారు. దాన్ని శబ్దంగా మార్చేది ఇంకో డిపార్ట్‌మెంటు మనిషి, నేను కాదు. పరీక్ష జరుగుతున్నప్పుడు నేను తెర మీద ఉండొచ్చు గానీ మైకు ఆపేసుకోవాలి. అన్నిటికీ ఒప్పుకున్నాను. నేనూ ఒక మెలిక పెట్టాను. మిగతా క్లాసుకి ఏ ప్రశ్న ఇస్తారో ఆ అమ్మాయికీ అదే ఇవ్వాలి. జాలిపడి తేలిక చేశారో, ఆ పరీక్ష చెల్లదని నేనే ఫిర్యాదు చేస్తానన్నాను.

"మీరు ఆమె పక్షమా, కాదా?" అన్నారాయన.

"ఆమె పక్షం కాబట్టే" అన్నాను.

పరీక్ష నాడు నన్ను చేతులు కట్టేసి కూర్చోబెట్టినట్టుంది. శబ్దం మొదలైంది. మనిషి గొంతు కాదు, మా మెట్ల లెక్క ప్రకారమే చేసిన మెషిన్ కూత. వెళుతుంది, దిగుతుంది, వెళుతుంది, దిగుతుంది. ఆ పిల్ల తల పక్కకి వంచి విన్నది. రెండోసారి వినిపించమంది. తర్వాత కీబోర్డు మీద కొన్ని మెట్లు వెతుక్కుని, ఇవి పెద్ద పోట్లు, ఇవి చిన్నవి అని చెప్పింది. తేడా ఎంతని అడిగితే అంకె చెప్పింది. అంకె చెప్పి ఊరుకుంది. 'మీటర్లు' అను, 'మీటర్లు' అను అని నేను లోపల్లోపల అరుస్తున్నాను. మైకు ఆపేసి ఉంది. ఆ తర్వాత అడిగిన అంకెకి మాత్రం మీటర్లని తనే చేర్చింది.

"ఇంకేమైనా గమనించావా?" అన్నారాయన.

"ఒకచోట నీళ్ళు దిగాల్సినంత దిగలేదు. తర్వాతి పోటు కూడా వరస ప్రకారం రావలసినదానికంటే పైకి వచ్చింది. ఆ మర్నాటికి మళ్ళీ మామూలైపోయింది. తుఫాను గాలి నీటిని తీరానికి తోసి ఉంటుంది."

ఆయన ముందుకి వంగారు. "గాలి ఏ దిక్కు నుంచి?"

ఇది గ్రాఫు చూసేవాళ్ళు కూడా తడబడే ప్రశ్న. తూర్పు అందామా, దక్షిణమందామా అని ఊహించి ఏదో ఒకటి విసిరేస్తారు.

"అది ఈ శబ్దంలో లేదు. లేనిదాన్ని నేను చెప్పను" అంది ఆ పిల్ల.

ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నారు. "థాంక్యూ" అని తెర కట్టేశారు. నేను హాట్ ప్రెస్ దగ్గరికి పోయి, తువ్వాలు ఒకటి లాక్కుని మొహం కప్పుకుని ఏడ్చాను.

నూటికి యాభై ఎనిమిది వచ్చింది. మినహాయింపు కాదు, అంకె. ఆ అంకెతో పై ఏడాది సముద్రశాస్త్రంలో సీటు ఖాయమైంది.

ముందు ఫోన్ చేసింది వాళ్ళమ్మే. "ఏంటండీ మేడం గారూ, యాభై ఎనిమిదేంటి? అంత కష్టపడిందే పిల్ల! రీవాల్యుయేషన్ లాంటిది ఉండదా ఈ దేశంలో?" పాసైతే చాలని నాతో అన్న మనిషి ఈవిడేనా అని నేను ఇంకా తేరుకోకముందే కూతురు ఫోన్ లాక్కుంది.

"ఆంటీ, మీటర్లు అనలేదని మార్కులు తీసేశారు! నేను అన్నాను!"

"మొదటిసారి అనలేదు. నేను విన్నాను."

"రెండోదానికి అన్నాను కదా!"

"రెండోదానికి వేశారు కదా. మొదటిదానికి ఎందుకు వేస్తారు?"

"దిస్ ఈజ్ నాట్ ఫెయిర్. నేను అప్పీల్ చేస్తాను."

"చేసుకో. నేను మాత్రం నీ వైపు సాక్ష్యం చెప్పను."

ఫోన్ ఠక్కున పెట్టేసింది. నిజంగానే అప్పీలు పెట్టింది. ఆ ఏడాది ఇంట్లో కూర్చుని పరీక్షలు రాసిన పిల్లలు చాలామందే పెట్టారు. కమిటీ వాళ్ళు అన్నిటికీ ఒకే జవాబు పంపారు, కారణం కూడా సరిగ్గా చెప్పకుండా. అందరి అప్పీళ్ళతోపాటు ఆమెదీ కొట్టేశారు, ఏ మినహాయింపూ లేకుండా.